వేలి మీద నల్ల గీత

"నేను వెయ్యలేదు మేడమ్. అంకమ్మరావు బాబాయికి నేను సూది వెయ్యనే లేదు."

హజ్రా బీ ఈ మాట అనడం ఇది ఎన్నోసారో ఆమెకే తెలియదు. నిన్న సాయంత్రం నుంచి పోలీసులకి చెప్పింది, సర్పంచికి చెప్పింది, కిటికీ అవతల నిలబడి తిట్టిపోస్తున్న జనానికి చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు పంచాయతీ ఆఫీసు గదిలో ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్న దేవిక కూడా నమ్మినట్టు కనపడలేదు.

దేవిక ఎవరినీ అంత తొందరగా నమ్మే మనిషి కాదు. ఒకప్పుడు ఎస్సైగా పనిచేసింది. పైవాళ్ళు చెప్పినట్టు కేసు రాయమంటే రాయనని ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి వచ్చి, నరసరావుపేటలో డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టుకుంది. పొద్దున్నే ఈ మండలం ఆస్పత్రి డాక్టరమ్మ ఫోన్ చేసి, "మా నర్సుని హంతకురాలిని చేస్తున్నారు, నిజమేదో తేల్చండి" అంటే బయల్దేరింది. నిజమే తేల్చమన్నారు కాబట్టి, నర్సు తప్పు ఉంటే అది కూడా తేలుస్తానని ముందే చెప్పేసింది.

రాజుపాలెం చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త ఫ్లూ పాకుతోంది. మామూలు పడిశం అనుకున్నవాళ్ళని నాలుగు రోజుల్లో ఆక్సిజన్ దాకా తీసుకుపోతోంది. ఇక్కడ, ఈదులవారిపాలెంలో ఇంకా అడుగు పెట్టలేదు, పెట్టకముందే ఊరందరికీ టీకాలు వేసేయాలని నిన్న బడిలో క్యాంపు పెట్టారు. సగం ఊరికి వేయడం అయ్యేసరికి అంకమ్మరావు చనిపోయాడన్న కబురు వచ్చింది. సూది పడ్డ కాసేపటికే ప్రాణం పోయిందన్నారు. జనం బడి మీద పడ్డారు, బల్లలు తిరగేశారు, హజ్రా బీ జుట్టు పట్టుకున్నారు. పోలీసులొచ్చి ఆమెని ఈ గదిలో పెట్టి తాళం వేశారు. పేరుకి రక్షణ, నిజానికి నిర్బంధం.

ఈమె చేతికి సంకెళ్ళు పడిన ఫోటో ఒక్కటి బయటికి వెళ్ళిందంటే ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఒక్కరు చొక్కా చెయ్యి పైకి మడవరు. ఫ్లూకి కావలసింది కూడా అదే. దేవికని ఇంత దూరం పరిగెత్తించిన భయం అది.

"వెయ్యకపోతే ఆయన వేలి మీద గుర్తు ఎట్లా వచ్చింది?" అని అడిగింది.

"అదే నాకూ అంతుపట్టట్లేదు మేడమ్. వేయించుకున్న వాళ్ళకే మార్కరుతో గుర్తు పెట్టా. మందు తక్కువగా వచ్చింది, ఒకటే మనిషి రెండుసార్లు రాకుండా గుర్తు పెట్టమని డాక్టరమ్మ చెప్పింది."

"అంకమ్మరావు అసలు క్యాంపుకి వచ్చాడా?"

"వచ్చాడు. తమ్ముడు ధనుంజయరావు బాబాయి పక్కన పట్టుకుని తీసుకొచ్చాడు. వరసలో ఇంకా నలుగురు ముందున్నారు, ఈయన నిలబడలేక గోడకి ఆనుకున్నాడు. నేనే లేచి ఎదురెళ్ళి నుదురు పట్టుకుని చూశా. కాలిపోతా ఉంది. ఇయ్యాల సూది వద్దు బాబాయ్, ఇది ఫ్లూ లాగా ఉంది, ఇట్నుంచి ఇటే ఆసుపత్రికి పోండి అన్నా. టేబుల్ దాకా కూడా రానీయలా."

"టీకా ఎవరెవరికి వేశారో మీ ట్యాబ్‌లో ఉండాలిగా?"

"ట్యాబ్ నేలకేసి కొట్టారు మేడమ్. సిగ్నల్ లేక అప్పటికి ఏదీ పైకి పంపలేదు."

ఎంత చక్కగా కుదిరిందో అనుకుంది దేవిక. ఆమెని కాపాడే సాక్ష్యం పగిలిపోయింది, ఆమెని ముంచే సాక్ష్యం మాత్రం శవం వేలి మీద భద్రంగా ఉంది. ఇంత చక్కగా కుదిరిన కేసుని చూస్తే ఆమెకి ఎప్పుడూ ఒళ్ళు మండుతుంది. ఎవరో కూర్చుని కుదిర్చారన్నమాట. కుదిర్చింది ఈ నర్సయినా కావచ్చు, ట్యాబ్ పగిలిపోవడం ఆమెకీ లాభమే.

"ఫ్లూ అనుమానం ఉన్న మనిషి కనపడితే వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలని మీకు రూలు. చేశారా?"

హజ్రా బీ తల దించుకుంది. "లేదు."

"ఎందుకని?"

"పని హడావుడిలో... మర్చిపోయా."

అంతవరకు సూటిగా చూస్తూ మాట్లాడిన మనిషి ఈ ఒక్క మాట దగ్గర కొంగు అంచు పీక్కోవడం మొదలుపెట్టింది. అబద్ధం. దేవిక ఇంకో రెండు రకాలుగా అడిగి చూసింది, హజ్రా బీ నోరు విప్పలేదు. ఎవరినో కాపాడుతోందో, తనని తానే కాపాడుకుంటోందో తేలకుండానే లేవాల్సి వచ్చింది. అంకమ్మరావు కూతురు హైదరాబాద్ నుంచి వస్తున్న కారు పిడుగురాళ్ళ దాటిందని బయట అనుకుంటున్నారు. ఆ అమ్మాయి వస్తే శవం లేస్తుంది. చితి అంటుకున్నాక తేల్చడానికి ఇంకేమీ మిగలదు.

అంకమ్మరావు ఇంటి ముందు షామియానా వేశారు. దాని కింద అద్దాల ఫ్రీజర్ బాక్స్‌లో అంకమ్మరావు. చుట్టూ ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు పడి చూస్తోంది. ఒక్కరి మూతికీ మాస్కు లేదు. దేవిక తన మాస్కు సరిచేసుకుని లోపలికి అడుగుపెట్టగానే కొంతమంది ఆమె వైపు దొంగని చూసినట్టు చూశారు.

"రండి డిటెక్టివ్ గారూ, రండి. నర్సమ్మ కథ విన్నారా? కన్నీళ్ళు కూడా పెట్టుకుందా?"

సీఐ సుధీర్ బాబు. దేవిక ట్రైనింగ్ బ్యాచే. అప్పట్లో ఇద్దరూ పోటీపడి పరీక్షలు రాసేవాళ్ళు. ఆమె ఉద్యోగం వదిలేసింది, అతను సీఐ అయ్యాడు. గెలిచానన్న నమ్మకం మాత్రం అతనికి ఇప్పటికీ కుదరలేదు, అందుకే ఆమె కనపడగానే ఏదో ఒకటి అనకుండా ఉండలేడు.

"పెట్టుకోలేదు. అందుకే ఇంకా వింటున్నా" అంది దేవిక.

"నేను వినడం అయిపోయింది. దహనం కాగానే ఆమెని స్టేషన్‌కి తీసుకెళ్తున్నా."

"పోస్టుమార్టం ఎప్పుడు మరి?"

"ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. పెద్ద మనిషిని కోయడం ఇష్టం లేదట."

"సూది వల్లే చచ్చిపోయాడని ఫిర్యాదు ఇచ్చిందీ ఇంట్లోవాళ్ళే, ఎందువల్ల చచ్చిపోయాడో చూడొద్దంటోందీ ఇంట్లోవాళ్ళే. ఈ రెండూ ఒక నోట్లోంచి ఎట్లా వచ్చాయని అడిగావా?"

సుధీర్ బాబు మొహం ఎర్రబడింది. "చూడు దేవికా, ఈ ఊరు ఎట్లాంటి ఊరో నీకు తెలుసు. నిన్న రాత్రి ఇక్కడ ఏం జరగకుండా ఆపడానికి నాకు చచ్చినంత పనైంది. నర్సుని తీసుకెళ్తే చల్లారుతుంది. చల్లార్చడం నా పని."

"మరి నిజం?"

"అది నీ బోర్డు మీద రాయించుకో."

"ట్రైనింగ్‌లో కూడా ఇంతే నువ్వు. నేరం ఏందో తెలియకముందే నేరస్థుడు దొరికేవాడు."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. సుధీర్ బాబు చేతిలోని లాఠీ చివరతో ఫ్రీజర్ బాక్స్ అద్దం మీద టకటకా కొట్టాడు. "నేను దొరికించుకున్నానా? ఈయనే చూపిస్తున్నాడు. ఆ వేలు చూడు. ఊరందరి ఫోన్లలోనూ ఇదే ఫోటో. ఇంకేం కావాలి నీకు?"

అద్దం మీద లాఠీ పడ్డప్పుడల్లా పక్కనే కూర్చున్న ముసలావిడ భుజాలు ఉలిక్కిపడ్డాయి. అంకమ్మరావు భార్య కోటమ్మ. దేవిక సీఐ చేతిలోంచి లాఠీ లాక్కోవాలన్నంత కోపాన్ని మింగి, అద్దంలోంచి చూసింది. గుండెల మీద చేర్చి పెట్టిన చేతుల్లో ఎడమచేతి మీద నల్లటి గీత కనపడుతోంది. పూలు అడ్డంగా పడి వేలు సరిగా కంటికి ఆనలేదు.

"ఆ చూసింది చాల్లే, ఇక ఆయన్ని ప్రశాంతంగా పోనీయండి" అన్నాడు ఒక పెద్దాయన, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ.

"ఈయనే ధనుంజయరావు గారు, చనిపోయినాయన తమ్ముడు" అని సుధీర్ బాబు పరిచయం చేశాడు. "ఈయన మాట అంటే ఊళ్ళో మాట. ఎలక్షన్ వచ్చిందంటే బూతులో ఏజెంటుగా కూర్చునేది ఈయనే. నా సర్వీసుకంటే ఈయన కూర్చున్న ఎలక్షన్లు ఎక్కువ. ఇట్లాంటి మనిషి అబద్ధం చెప్పాల్సిన పనేంటి?"

ధనుంజయరావు కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదని దేవికకి అర్థమైంది. అయితే నిజంగా ఏడ్చేవాళ్ళు కూడా అబద్ధాలు చెబుతారని ఆమెకి ఇంకా బాగా తెలుసు.

"మీ అన్నయ్యకి సూది వేస్తున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారా?"

"పక్కనే నిలబడ్డానమ్మా. ఈ కళ్ళతో చూశా."

"గుర్తు పెట్టేటప్పుడు?"

"అదీ చూశా. వేలు పట్టుకుని గీసింది."

"మీరు వేయించుకున్నారా?"

"లేదు. అన్నని ఇంట్లో పడుకోబెట్టి మళ్ళా పోదామనుకున్నా. ఈ లోపే..."

"అంతకుముందు ఆయనకి జ్వరం గానీ దగ్గు గానీ ఉన్నాయా?"

"యాడివమ్మా? రాయి లాగా ఉండేవాడు మా అన్న. సూది పడ్డాకే ఒళ్ళు కాలిపోయింది."

"ఆయన పడుకున్న గది ఒకసారి చూడాలి."

ధనుంజయరావు అడ్డంగా వచ్చాడు. "చావింట్లో సోదాలేందమ్మా? మర్యాద కాదు." సుధీర్ బాబు కూడా గొంతు కలిపాడు. వారంటు ఉందా అని అడిగాడు. అప్పుడు కోటమ్మ తలెత్తింది.

"చూడనీండి. ఆయన గది అది, నా ఇల్లు ఇది. ఆ పిల్లని చూడనీండి" అంది.

ఆ ఇంట్లో ఆమె మాట కాదనలేక ధనుంజయరావు పక్కకి జరిగాడు.

చిన్న గది. తలుపు తీయగానే జామాయిల్ ఆకు వాసన గుప్పుమంది. దేవిక గ్లవ్స్ తొడుక్కుని వంగి మంచం కిందకి చూసింది. వెడల్పాటి గిన్నె, అందులో ఆవిరి పట్టిన నీళ్ళు ఆకులతో సహా చల్లారిపోయి ఉన్నాయి. కిటికీ గూట్లో దగ్గు మందు సీసా, అడుగున కాస్త మిగిలింది. దాని పక్కన జ్వరం బిళ్ళల రేకులు రెండు, రెంటిలోనూ ఒక్క బిళ్ళ లేదు.

"ముసలాయన దగ్గాడు, మందు తాగాడు. అయితే ఏంటి?" అన్నాడు వెనకాలే వచ్చిన సుధీర్ బాబు.

"ఏం లేదు. సూది పడ్డాకే జ్వరం వచ్చిందని తమ్ముడు చెబుతున్నాడు. సూది పడ్డాక ఆయన బతికింది కాసేపని కూడా ఆయనే చెబుతున్నాడు. ఆ కాసేపట్లో సీసాడు మందు తాగి, రెండు రేకుల బిళ్ళలు మింగాడా?"

సుధీర్ బాబు ఆ రేకుల్ని ఇంకోసారి చూశాడు.

కోటమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "మూడు నాలుగు రోజుల నుంచి దగ్గుతానే ఉన్నాడమ్మా" అంది నీరసంగా. "కోతలు కదా, కళ్ళంలో మిరప్పండు ఆరబోసుకుని అక్కడే కాపలా పడుకుంటాడు. మంచు తగిలిందేమో అనుకున్నాం. చెబితే వినే మనిషా ఆయన?"

"మీరు కూడా టీకా వేయించుకున్నారా పిన్నీ?"

"ఆడోళ్ళ వరసలో ముందే వేయించుకున్నా. నాకేం కాలా. కొంచెం చెయ్యి నొప్పి, అంతే. అదే సూది ఆయన్నెందుకు మింగిందో..." అంటూ ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

దేవిక చూపు ఆ కొంగు పట్టుకున్న చేతి దగ్గర ఆగిపోయింది. కోటమ్మ ఎడమచేతి చిటికెన వేలి గోటి మీద వంకాయ రంగు చుక్క ఉంది.

చుక్క. గీత కాదు. చిటికెన వేలు. రంగు వేరు.

"పిన్నీ, ఇది హజ్రా బీ పెట్టిందేనా?"

"ఆ, తనే. చిన్నపిల్లలకి పోలియో చుక్కలేసి పెడతారే, అట్టా పెడతన్నా అని నవ్వింది కూడా."

దేవిక ఇంక అక్కడ నిలబడలేదు. గబగబా షామియానా కిందకి వచ్చి, "ఈ పెట్టె మూత తీయాలి" అంది.

"మతి పోయిందా నీకు?" సుధీర్ బాబు ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఇంత జనంలో శవాన్ని ముట్టుకుంటే నిన్నిక్కడే పాతేస్తారు. నేను ఆపలేను" అన్నాడు.

"పిన్నీ, తీయమంటారా?"

కోటమ్మ తల ఊపింది. కానిస్టేబుల్ సీఐ మొహం చూసి, కోటమ్మ మొహం చూసి, ఆఖరికి మూత ఎత్తాడు. గుంపు గొంతు పెద్దదైంది. ఎవరో దేవికని బూతులు తిట్టారు. ఆమె వినిపించుకోకుండా పూలు పక్కకి తీసి అంకమ్మరావు ఎడమచెయ్యి అందరికీ కనపడేలా చూపించింది.

"నిన్న టీకా వేయించుకున్న వాళ్ళు ఒక్కసారి ఎడమచెయ్యి పైకెత్తండి."

ఎందుకెత్తాలన్నట్టు చూశారు. కోటమ్మే ముందు ఎత్తింది. ఆమెని చూసి పక్కనున్న ఆడవాళ్ళు ఎత్తారు, ఆ తర్వాత వెనకాల మగవాళ్ళు. షామియానా కింద చేతులు నిండిపోయాయి.

"మీ వేళ్ళు మీరే చూసుకోండి. గుర్తు ఎక్కడుంది?"

"చిటికెన వేలికి" అంది ఒకావిడ.

"ఏ రంగు?"

"వంకాయ రంగు."

"మరి అంకమ్మరావు గారికి?"

ముందున్నవాళ్ళు వంగి చూశారు. ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. అంకమ్మరావు చూపుడు వేలి మీద, గోటి మొదట్లో నుంచి చర్మం మీదకి నిలువుగా ఒక గీత. నల్లగా, దిట్టంగా, తీరుగా గీసిన గీత.

"ఊరందరికీ చిటికెన వేలి మీద చుక్క పెట్టిన మనిషి, ఈయనొక్కడికే రంగు మార్చి, వేలు మార్చి, గీత ఎందుకు గీస్తుంది? చూపుడు వేలికి ఇట్లాంటి గీత మీరు ఎప్పుడు చూశారు?"

"ఓటేసినప్పుడు" అన్నాడు వెనకాల నుంచి ఎవరో. అన్న తర్వాత తను ఏం అన్నాడో అతనికే అర్థమై నోరు మూసుకున్నాడు. కానీ అప్పటికే ఊరి చూపు మొత్తం ఒకే మనిషి మీదకి మళ్ళింది.

ధనుంజయరావు తువ్వాలు నలుపుతున్నాడు. "నన్నెందుకు చూత్తన్నారు? ఏ వేలికి పెట్టిందో నాకేం గుర్తు? హడావుడిలో..."

"చూశానన్నారు. వేలు పట్టుకుని గీసిందన్నారు" అంది దేవిక. "ఆ టేబుల్ దాకా వెళ్ళి చెయ్యి చాపినవాళ్ళు ఎవరూ ఈ పొరపాటు చేయరు. వెళ్ళని మనిషే చేస్తాడు. వేలికి గుర్తు అనగానే ఏళ్ళ తరబడి పోలింగ్ బూతులో చూసిన వేలే గుర్తొచ్చే మనిషి చేస్తాడు. మీ ఇంట్లో మిరప బస్తాల మీద పేరు రాసే మార్కరు ఏ రంగో నేను అడగాలా, మీరే చెబుతారా?"

"ఈమె మాటలు పట్టుకుని నన్ను... సీఐ గారూ, మీరు చెప్పండి!"

సుధీర్ బాబు వంగి ఆ వేలినే చూస్తున్నాడు. నిన్నటి నుంచి ఊరంతా ఫోన్లలో తిప్పుతున్న వేలు అది, తను లాఠీతో కొట్టి చూపించిన వేలు. అతను లేచి నిలబడి, మొహం చిట్లించుకుని, "మార్కరు తీసుకురా" అన్నాడు కానిస్టేబుల్‌తో. అంతకన్నా ఒప్పుకోలు అతని నోట్లోంచి రాదని దేవికకి తెలుసు.

ఆ అవసరం రాలేదు. కోటమ్మ లేచి మరిది దగ్గరికి వచ్చింది.

"ధనుంజయా. నా మొహం చూసి చెప్పు. ఆయనకి సూది వేశారా లేదా?"

"వదినా..."

"వేశారా?"

ధనుంజయరావు ఫ్రీజర్ బాక్స్ అంచు పట్టుకుని కూలబడ్డాడు. "వెయ్యలేదు వదినా. ఒళ్ళు కాలతందని హజ్రా ఎనక్కి పంపింది. ఆసుపత్రికి తీసుకపొమ్మంది."

"మరెందుకు తీసుకపోలా?"

ఆమె అతని చొక్కా పట్టుకుని ఊపింది. "చెప్పు. ఎందుకు తీసుకపోలా? నీ ఎనకాలేగా వచ్చాడు, నువ్వు చెప్పినట్టేగా విన్నాడు!"

"సాయంత్రం తీసుకపోదామనుకున్నా. ఫ్లూ అని తెలిస్తే ఆఫీసర్లొచ్చి కళ్ళం మూపిత్తారు. కూలోళ్ళు బెదిరి పోతారు. కాయంతా చెట్టు మీద పండిపోయి ఉంది. ఒక్క పూట ఆగితే ఏమవుద్దిలే అనుకున్నా వదినా. హజ్రా డాక్టరమ్మకి ఫోన్ చేత్తానంటే నేనే బతిమాలా, చేయబాకమ్మా, సాయంత్రం నేనే తీసుకపోతా అని. చిన్నప్పుడు మన ఇంట్లో తిని పెరిగిన పిల్ల, కాదనలేకపోయింది. ఇంటికొచ్చి చూసేసరికి అన్న..." అతను నుదురు ఆ అద్దానికేసి కొట్టుకున్నాడు. "నేనే చంపుకున్నానని ఊరు ఉమ్మేత్తదని భయమేసింది. అందుకే గీత గీశా."

హజ్రా బీ కొంగు పీక్కుంటూ దాచిన మాట ఇదన్నమాట. తను రూలు తప్పి ఫోన్ చేయనందుకే బాబాయి పోయాడని ఆమె నమ్ముతోంది. ఆ నమ్మకం పూర్తిగా తప్పు కూడా కాదు. దేవికకి ఆమె మీద జాలీ, కోపం రెండూ కలిగాయి. కానీ ధనుంజయరావు మాటల్లో ఇంకొకటి ఆమెని అంతకంటే గట్టిగా పట్టుకుంది.

"కూలీలు బెదిరిపోతారన్నారు. బెదరడానికి వాళ్ళకేం తెలుసు? అంకమ్మరావు గారికి జ్వరం వచ్చింది కళ్ళంలో పడుకున్నాక. అంతకుముందు అక్కడ ఎవరికి వచ్చింది?"

ధనుంజయరావు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

"ధనుంజయరావు గారూ, కూలీల్లో ఎంతమందికి జ్వరం?"

"ముఠాలో ముందు ఒకడు పడ్డాడు. తర్వాత ఇంకో ముగ్గురు. కోయగలిగినోళ్ళు కోత్తానే ఉన్నారు."

"ఇప్పుడు వాళ్ళెక్కడ?"

"ఇక్కడ లేరు. చావింట్లో కోతలు ఆపుకున్నాం కదా. పొద్దున్నే లారీ ఎక్కించా."

సుధీర్ బాబు ఒక్క అంగలో ముందుకొచ్చాడు. వెటకారం ఎటు పోయిందో పోయింది. "ఎక్కడికి పంపావయ్యా?"

"దుర్గి అవతల మా అల్లుడి చేలో. అక్కడా కాయ పండి ఉంది, మనుషులు దొరకట్లేదని మా రేవతి నిన్ననే ఫోన్ చేసింది..."

అంటూ అంటూ ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన పేరు తనకే అప్పుడు వినపడినట్టుంది. కోటమ్మ చొక్కా వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒరేయ్, దానికి ఏడో నెలరా!" అంది.

దేవిక అప్పటికే డాక్టరమ్మకి ఫోన్ కలుపుతోంది. సుధీర్ బాబు దుర్గి స్టేషన్‌కి కలుపుతున్నాడు. ఇద్దరి వేళ్ళూ ఒకే తొందరలో ఉన్నాయి. ధనుంజయరావు జేబులోంచి ఫోన్ తీశాడు కానీ పేరు వెతుక్కోలేక తెర పైకీ కిందకీ జరుపుతున్నాడు. దేవిక ఆ ఫోన్ తీసుకుని రేవతి పేరు నొక్కి, స్పీకర్ పెట్టి అతని ముందు పట్టుకుంది.

"నాన్నా?" అంది అవతల ఆడపిల్ల గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "పెదనాన్నని తీసుకెళ్ళిపోయారా? కడుపుతో ఉన్నదాన్ని చావింటికి పంపేది లేదని అత్తయ్య పట్టుబట్టింది నాన్నా. పెద్దమ్మతో చెప్పు, కోపం పెట్టుకోవద్దని."

"రేవతీ... కూలోళ్ళు వచ్చారామ్మా?"

"పొద్దున్నే దిగారు. ఇద్దరికి ఒంట్లో బాలేదు, లేవలేకపోతన్నారు పాపం. మన ఊరి నుంచి వచ్చినోళ్ళు కదా అని మన వసారాలోనే పడుకోబెట్టా. ఇప్పుడే దగ్గర కూర్చుని జావ తాగించా."

"నువ్వు... నువ్వు సూది ఏయించుకున్నావా తల్లీ? ఫ్లూ సూది? ఎప్పుడన్నా ఏయించుకున్నావా?"

"ఏ సూది? అదా? ఇందాక నర్సమ్మ ఇంటికొచ్చింది, కడుపుతో ఉన్నోళ్ళకే ముందు వేత్తామని. నువ్వేం భయపడబాక నాన్నా, మొహం మీదే తలుపేశా. పెదనాన్నని ఆ సూదే చంపిందని నువ్వు ఫోన్‌లో అంతగా ఏడ్చాక వేయించుకుంటానా? మా వీధిలో అందరికీ చెప్పా. ఒక్కళ్ళు కూడా వేయించుకోలా."

ఆమె మాటల వెనక, దగ్గర్లోనే, ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు.